గ్లాసుడు పథ్యం

శుక్రవారం కంటి ఆపరేషన్ ఉన్న ముసలి దర్జీ, రక్తపరీక్ష కాగితం డైటీషియన్ ముందు పెట్టాడు.

“తాతగారూ, షుగర్ తగ్గకపోగా పెరిగింది. ఇలాగైతే ఆపరేషన్ చెయ్యరు.”

“అలా అనకమ్మా! సూదిలో దారం ఎక్కించి మూడు నెలలైంది. పంచదార ముట్టుకుంటే ఒట్టు. టీ కూడా చప్పగానే తాగుతున్నా. నువ్వు చెప్పినట్టు కమలాపళ్ళే.”

“రోజుకు ఒక్కటేగా?”

“ఒక్కటే, ఒక్క గ్లాసు. ఎనిమిది పిండితే గానీ నిండి చావదు.”

“తినమన్నాను, తాగమన్నానా? పిప్పి లేని రసం పంచదార నీళ్ళతో సమానం!”

“పండులో ఉండేది మంచి తీపి అన్నావుగా?”

“పండులో ఉన్నంతసేపే. నమిలి తినాలి.”

“నమలడానికి పళ్ళేవమ్మా?”

“కట్టించుకున్నారుగా?”

“అవి పెళ్ళిళ్ళకి.”

“ఇక రోజూ పెళ్ళే అనుకోండి. డాక్టరుగారిని వారం గడువడుగుతాను. ఇంతకీ ఆ పిప్పి పారేస్తున్నారా?”

“మా ఆవిడ తింటోంది. సారమంతా నాకిచ్చి, పాపం, తను పిప్పితో సరిపెట్టుకుంటోంది.”

“పాపం మీరే. మంచిదంతా ఆవిడకే దక్కింది.”

“ఈ మాట ఆవిడకి చెప్పకు తల్లీ. రేపట్నుంచి పిప్పి నాకు పెట్టి, రసం తను తాగేస్తుంది.”