మేడమ్ ముందు వాడిన పెద్ద మాట

హోటల్ లాండ్రీ గదిలో తోడికోడళ్ళిద్దరూ ఆరిన దుప్పట్లు మడతపెడుతున్నారు.

“కొస సరిగ్గా పట్టుకో. ఇందాకట్నుంచీ ఆ మురిసిపోవడం ఏంటి?”

“మురిసిపోవడం కాదక్కా. మేడమ్‌తో ఇంగ్లీషులో మాట్లాడి వచ్చానా, ఇంకా గుండె దడ తగ్గలేదు.”

“నువ్వు మాట్లాడితే దడ ఆవిడకి పుట్టాలి. సూపర్‌వైజర్ పని గురించేగా?”

“ఆ... దాని గురించే. నీ వైపు లాగు, ముడత పడింది.”

“మాట మార్చకు. నేను చెప్పిన మాట వాడావా?”

“ఇండొలెంటా? వాడకుండానా. శుభ్రంగా, శ్రద్ధగా పనిచేసే మనిషిని ఏమంటారని నిన్న నిన్నేగా అడిగాను. ‘వెరీ ఇండొలెంట్’ అన్నాను. ఆవిడ కళ్ళజోడు తీసి నావైపు చూసింది. వినపడలేదేమోనని మళ్ళీ గట్టిగా చెప్పాను.”

“మళ్ళీనా?”

“ఇంట్లో కూడా అంతే మేడమ్, అన్నాను. నవ్వుతావేంటక్కా?”

“ఫోన్లో వెతుక్కోవచ్చుగా అర్థం.”

“నువ్వుండగా ఫోనెందుకులే అనుకున్నా.”

“ఓహో. పొద్దున లేస్తే పాఠం, బస్సులో పాఠం, గిన్నెలు తోముతూ పాఠం. చిన్నకోడలికి ఇంగ్లీషొచ్చేస్తోందని అత్తయ్య వీధంతా టముకు వేస్తోంది. నేను ఇంగ్లీషు మీడియంలో చదివానని ఒక్కళ్ళకైనా గుర్తుందా? ఇక్కడ నీకంటే ఎన్నేళ్ళ ముందు చేరాను? నన్నెవరన్నా పొగిడారా?”

“అదేంటక్కా, నువ్వంటే నాకు...”

“నాకు మాత్రం నువ్వంటే ఒళ్ళుమంట. కుళ్ళే అనుకో. అవును, కుళ్ళుకుంటున్నాను. నిన్నగాక మొన్నొచ్చి నా నెత్తినెక్కుదామనుకున్నావు. ఇప్పుడు విను. ఇండొలెంట్ అంటే సోమరిపోతు.”

“...ఏంటి?”

“ఒళ్ళు వంచని మనిషి. కావాలనే తప్పు చెప్పాను. వెళ్ళి అత్తయ్యకి చెప్పుకో, పో.”

“అయ్యో, అక్కా. ఎంత పని చేశావు.”

“ఏడుపొస్తోందా? ఏడువు. కుర్చీ చేతిదాకా వచ్చి పోయిందిగా మరి.”

“నా కుర్చీ కాదక్కా. నిన్నే సూపర్‌వైజర్‌ని చేద్దామనుకుంటోందట మేడమ్. ఒకే ఇంట్లో ఉంటాం కదా, నువ్వెలాంటి మనిషివో చెప్పమని నన్ను పిలిచింది.”