మా ఆవిడ అలిగింది

చెప్పుల స్టాండు వెనకాల ఉన్న చిన్న కంప్యూటర్ ముందు మరిది బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. వదిన గోడకి ఆనుకుని నిలబడింది.

"వైఫై పేరు నిన్న కూడా మార్చాను. పొద్దున్నకి మళ్ళీ పాతదే వచ్చింది."

"ఏ పేరు వదినా?"

"'మా ఆవిడ అలిగింది.' పరామర్శకొచ్చినవాళ్ళు అడిగితే చెప్పడానికి నోరు రావట్లేదు."

"ఇదిగో, దొరికింది. అన్నయ్య ఈ కంప్యూటర్లో చిన్న ప్రోగ్రాం రాసి పెట్టాడు. రోజూ పొద్దున్నే రౌటర్ సెట్టింగులు దించుకుని, అందులో పేరు దిద్ది, మళ్ళీ ఎక్కిస్తోంది."

"ఆయన ఉన్నప్పుడూ ఇంతే. నేను మార్చేసి పడుకునేదాన్ని, లేచేసరికి మళ్ళీ అదే. పనిగట్టుకుని లేచి మారుస్తున్నారనుకున్నాను."

"మనిషి లేవక్కర్లేదు వదినా. దానంతటదే నడుస్తుంది."

"ఊఁ."

"తీసేయనా? నిమిషం పని."

"తీసేస్తే ఇంకెప్పుడూ రాదా?"

"రాదు. మీరేం పెట్టుకుంటే అదే ఉంటుంది."

ఆమె రౌటర్ మీద వెలిగి ఆరుతున్న పచ్చ లైటు కాసేపు చూసింది.

"ఉండనీ. నువ్వు లే, టీ చల్లారిపోతోంది. సాయంత్రం నేను మళ్ళీ మారుస్తాను."