మూడో ఆదివారం

సంఘస్తులారా, నవోమి టీచరమ్మను సమాధుల తోటకు సాగనంపి ఈ చర్చిలో కూడిన మీకందరికీ వందనాలు. మోకాళ్లు సహకరించవు, కూర్చునే మాట్లాడతాను.

నలభై ఆరేళ్ల కిందట ఆమెకు మాట ఇచ్చాను. "ఎవరైనా అడ్డం చెబితే నీ పక్షాన లేచి నిలబడతా" అన్నాను. ఆ మాట తప్పాను. అందుకే పొగడ్తలు మీకొదిలేసి, జరిగింది చెబుతాను.

మన దగ్గర పెళ్లి కుదిరితే మూడు ఆదివారాలు ప్రకటన చదువుతారు గదా? అభ్యంతరం ఉన్నవాళ్లు లేవాలి. నవోమికీ, చేపలు పట్టే ఇంటి కామాక్షయ్యకూ అలాగే చదివారు. అతను అప్పటికే బాప్తిస్మం తీసుకున్నాడు. రెండు వారాలు ఎవరూ కదల్లేదు. మూడో ఆదివారం సంఘ పెద్ద ఒకాయన లేచారు. "ఈ బాప్తిస్మం దేవుని కోసం కాదు, పిల్ల కోసం" అన్నారు. జనం నవ్వారు. అవును, ఇక్కడే నవ్వారు! పాస్టరుగారు పుస్తకం మూసేశారు. నేను బెంచీ అంచు పట్టుకుని కూర్చున్నాను.

కామాక్షయ్య దొరవారిసత్రం వైపు వెళ్లిపోయాడు. నవోమి ఎక్కడికి పోతుంది? మంచాన పడ్డ తల్లి, చర్చి బడిలో ఉద్యోగం, చర్చి ఎదురుగా ఇల్లు. ఆ గడప నుంచి ఈ హార్మోనియం దాకా ఇరవై అడుగులు. నలభై ఆరేళ్లు ఆ ఇరవై అడుగులే. మీ పెళ్లిళ్లన్నిటికీ ఆమే వాయించింది. ఒక్కరైనా ఆమె ముఖం చూశారా?

ఆ ఇంట్లోనే నవల రాసింది. వందేళ్ల కిందటి మిషను కాంపౌండు పిల్ల, పడవ నడిపే పిల్లవాడు. అందులో అభ్యంతరం అడగ్గానే సంఘమంతా లేస్తుంది, "వీడు మావాడే" అని సాక్ష్యం చెప్పడానికి. ఇందాక మీరంతా మెచ్చుకున్నది ఆ అధ్యాయమే. విశ్వాసాన్ని నిలబెట్టే సంఘమట! ఏ సంఘం?

రాతప్రతి చదివి, "ఇది అబద్ధం గదమ్మా" అన్నాను.

"అబద్ధం కాదు జడ్సన్ అన్నా, ప్రార్థన" అనింది. తర్వాత నవ్వి, "ఇన్ని పుస్తకాలు చదివినావే, లేచి నిలబడేది ఒక్కదాంట్లోనూ రాయలేదా?" అని అడిగింది.

రాతప్రతి ఆమె చేతికిచ్చి ఇంటికొచ్చేశాను.

ఆమె ప్రార్థన ఇవాళైనా నెరవేర్చండి. అందరూ లేవండి. రెండు నిమిషాలు మాట్లాడకుండా నిలబడండి. ఈ కర్ర పట్టుకుని నేనూ లేస్తున్నాను. ముందు బెంచీలో ఉన్న పెద్దాయన మాత్రం లేవనక్కర్లేదు. ఆ రోజు మీరొక్కరే లేచారు. ఈ రోజు మీరొక్కరే కూర్చోండి, విజయభాస్కర్ గారూ.