ఇద్దరి టికెట్టు

కర్నూలులో ఒక హోటల్లో ఆ సాయంత్రం బెల్జియం బీర్ల రుచి చూపిస్తున్నారు. ఒక్కో బీరుకు ఒక్కో వంటకం జత. అన్ని బల్లల దగ్గరా ఇద్దరిద్దరు కూర్చున్నారు. ఒక బల్ల దగ్గర మాత్రం అరవై దాటిన మనిషి ఒక్కడే ఉన్నాడు. రుచుల గురించి చెప్పే అమ్మాయి సీసా పట్టుకుని అతని దగ్గరికి వచ్చింది.

“మీతో వచ్చేవాళ్లు ఇంకా రాలేదా సార్?”

“ఎవురూ రారమ్మా. ఇద్దరికైతేనే టికెట్టు అన్నారు. రెండూ నేనే తీసుకున్న్యా.”

“అయ్యో, ఒక్కరేనని ఫోన్ చేసి చెప్పుంటే ఒకటే ఇచ్చేవాళ్లం కదా.”

“ఆ మాట చెప్పేదానికి నోరు రాలేదు.”

“సరే సార్. ఇది గోధుమ బీరు. నారింజ తొక్క, ధనియాలు వేసి చేస్తారు. ఈ చేప వేపుడుతో తాగి చూడండి. మీకు బీరంటే శానా ఇష్టమా?”

“ఇదే మొదటిసారమ్మా. మంగంపేట గనుల్లో పనిచేసి రిటైరై ఈడికొచ్చినా. ఇంట్లో నేనే వండుకుంటా, నేనే తింటా. ఈడ ప్రతి ఒక్కర్నీ రుచి ఎట్లుండాదని అడుగుతారంట కదా. అందుకే వచ్చినా.”

ఆమె గ్లాసులో పోసి, సీసా బల్లమీద పెట్టి, ఎదురు కుర్చీలో కూర్చుంది. అతను ఒక గుక్క తాగాడు.

“ఎట్లుండాది సార్?”

అతను చేప ముక్క తిని, ఇంకో గుక్క తాగాడు.

“కొంచెం పులుపుండాది. చేప తిన్నంక బాగుండాది. ఇంగోటి పోసినాక గూడా అడుగుతావామ్మా?”