తోక వెంట్రుకల చీటీ

బాగేపల్లి పక్క పల్లెలో హనుమక్క పశువుల కొట్టం. తన ఆవును ఆమె దగ్గర మేపుకు వదిలిన వెంకటరమణప్ప, ఆమె పెయ్యను కొమ్ముల నుంచి తోక దాకా చూస్తున్నాడు. ఆ చూపు హనుమక్కకు నచ్చలేదు.

“మళ్లీ అడుగుతాండా హనుమక్కా. ఏం సూదులేస్తాండావు దీనికి?”

“సూదులా? గడ్డి, బూసా, నీళ్లు. అంతే అప్పా.”

“పద్నాలుగు నెలల పెయ్య ఇట్లుంటాదా? అదే దినం పుట్టింది నా ఇంట్లో ఉండాది. పక్కటెముకలు తేలి ఉండాది. బూసా పెడితే మూతి తిప్పుకుంటాది.”

“ఇది గంపలకి గంపలు లాగిస్తాది. పుట్టుకతో వచ్చిన ఆకలి.”

“పుట్టుకంట! పెరిగేదానికి హార్మోను సూది ఉండాదంట గదా. డెయిరీలో చెప్తే రేపట్నించి నీ పాలు పట్టరు, తెలుసునా?”

“తెలుసు. పాలు పట్టకపోతే నా పొయ్యి వెలగదు. అందుకే నువ్వు అడిగిన పరీక్షకి ఒప్పుకుంటి. పుట్టుకో సూదో తేల్చేదానికి, తల్లీబిడ్డల్ని పోల్చి చూస్తామని పశువుల డాక్టరమ్మ అంబిక రెండావులవీ, రెండు పెయ్యలవీ తోక వెంట్రుకలు పీక్కొని పాయె గదా.”

“చీటీ వచ్చిందా?”

“చెప్తా. అంతలో ఒకటి అడుగుతా. నా ఆవూ, నీ ఆవూ ఒకే దినం ఈనినాయి. నీ ఆవు పాలు నాకి, మొదటి దూడ నీకని మాట.”

“అవును.”

“గుర్తుకని దాని మెడకి నల్లతాడు కట్టింది ఎవరు?”

“నేనే.”

“మూన్నెల్లకి దాన్ని తోలుకపోయింది ఎవరు?”

“నేనే. ఆ దినం నువ్వు సాదలికి పోయింటివి గదా.”

“కొట్టంలో ఇంకెవరన్నా ఉండిరా?”

“లేరు. ఇవన్నీ ఎందుకిప్పుడు?”

“నల్లతాడు ఉండేదాన్నే గదా తోలుకపోయింది?”

“నల్లతాడు ఉండేదాన్నే... దాన్నే. ఎన్నిసార్లు అడుగుతావు? చీటీ యాడుండాది?”

“నా కొంగులోనే ఉండాది. నిన్ననే వచ్చె. సూదితో పనిలేదంట. ఈ ఆకలి, ఈ పెరుగుదల తల్లి రక్తంలోనించి వచ్చినాయంట.”

“ఏ తల్లి?”

“నీ ఆవు.”

“నా ఆవా? అంటే... ఇది నా పెయ్య! తాడు విప్పు హనుమక్కా. విప్పు అంటాండా.”

“అప్పుడు నీ దూడ ఎండిపోయుండె, నాది బొద్దుగా ఉండె. సాదలి నుంచి వచ్చి చూడంగానే, తాడు మార్చి నాదాన్ని తోలుకపోయినావని నాకి తెలిసిపాయె. నోరెత్తితే నీ ఆవును గూడా తోలుకపోతావని భయపడి కడుపులోనే పెట్టుకొంటి.”

“అదంతా ఎందుకు? చీటీలో ఉండాది గదా. విప్పు.”

“విప్పుతా అప్పా. ముందు డెయిరీ కాడికి పోయి, నా పెయ్య నీ కొట్టంలోకి ఎట్లొచ్చిందో నలుగురికీ చెప్పి రా.”