దొంగదొర టోపీ కింద యూలలీ

ఏంటమ్మా, ఇందాకణ్ణుంచీ వల్లె వేస్తున్నావు? ఉపమ, రూపకం, అతిశయోక్తి... రేపు పరీక్షా? ఇలా రా, కూర్చో. ముందు ఆ మోబీ గ్లాసు ఇటివ్వు. ఇందులోనూ పంచదార కుమ్మరించారూ! బెరడు కాచి చేసే మోబీ అంటే చేదుండాలి, చేదు లేకపోతే దాన్ని తాగడమెందుకు... సరే, అదలా ఉంచు. అలంకారాల గురించి ఎవరైనా చెప్పాలంటే మీ నాయనమ్మే చెప్పాలి. యూలలీ. నాకు పెదనాన్న కూతురు, అక్క. నువ్వు పుట్టేనాటికి లేదులే. అరీమాలోనే కాదు, ట్రినిడాడ్ మొత్తం మీద నోరంటే ఆవిడదే నోరు!

అప్పట్లో కార్నివాల్ అంటే ఇప్పట్లా లారీల మీద పాటల పెట్టెలు పెట్టి చెవులు పగలగొట్టడం కాదు. వేషం కట్టినవాడు మాట్లాడాలి. మా పెదనాన్న క్లియోఫాస్‌ది దొంగదొర వేషం. బండిచక్రమంత టోపీ, అంచు చుట్టూ కుచ్చులు, నల్ల అంగీ, మెడలో ఈల. ఈల ఊది దారికడ్డం నిలబడి, తానెంత ఘోరమైన దొంగో కోతలు కోసేవాడు. విన్నవాళ్ళు చిల్లర ఇచ్చి ప్రాణం దక్కించుకున్నట్టు నటించాలి. ఇద్దరు దొంగదొరలు ఎదురుపడ్డారా, ఇక పోటీయే. మాట అందక ఎవడు ఆగితే వాడు టోపీ తీసేసి, ఆ చోటు వదిలి పోవాలి. మార్కెట్ మూల మా తాత నాటి నుంచీ మా ఇంటిది. ఒక్కడూ లాక్కోలేకపోయాడు. అలాంటిది, ఒక యేడు క్రిస్మస్ ముందు పెదనాన్నకి పక్షవాతం వచ్చి నోరు పడిపోయింది. సాంగ్రే గ్రాండే ఊరి దొంగదొర, బార్తలెమీ అని ఒకడు, వాడిది చర్చి గంట గొంతులే, రమ్ము కొట్టు దగ్గర అందరి ముందూ అన్నాడట: "ఈ కార్నివాల్ మంగళవారం ఆ మూలలో నేను నిలబడతా. ఆ ఇంట్లో అడిగే మగాడెవడున్నాడు?" మా అక్క ఇంట్లో ఆ మాట విని, "అడిగేది నేను" అంది. పెద్దమ్మ నెత్తి బాదుకుంది. "ఆడపిల్లవి, దొంగదొర వేషమేంటే! బడి నడిపే సిస్టర్లకి తెలిస్తే నీ పంతులమ్మ ఉద్యోగం ఊడుతుంది!" "ఊడితే ఊడనీ అమ్మా. ఆ మూల పోతే మళ్ళీ వస్తుందా?"

నేర్చుకున్నదెక్కడనుకున్నావు? కోకో ఆరబోసే పాకలో. గింజలు మెరవాలని అందరం వరసగా కాళ్ళతో తొక్కుతూ ఆడతాం చూడు, ఆ అడుగుకి సరిగ్గా అక్క మాట వేసేది. పెదనాన్న గోనెసంచుల మీద కూర్చుని ఎడమచేత్తో కర్ర పట్టుకునేవాడు. మాట చాలకపోతే నేలకేసి టక్కుమని కొట్టేవాడు. "నేను కళ్ళు మూస్తే ఊరంతా చీకటి!" టక్. "నేను కళ్ళు మూస్తే దేశమంతా చీకటి!" టక్. అక్కకి ఒళ్ళు మండింది. "నేను కళ్ళు మూస్తే సూర్యుడు లాంతరు పట్టుకొచ్చి, లెమ్మని నా గుమ్మంలో బతిమాలుకుంటాడు!" కర్ర లేవలేదు. పెదనాన్న పెదవి ఒక పక్కకి నవ్వింది. అదమ్మా అతిశయోక్తి. మీ పుస్తకంలో ఏం రాశారో మరి.

మంగళవారం మిట్టమధ్యాహ్నం. పెదనాన్నని కుర్చీతో సహా మోసుకెళ్ళాం. బార్తలెమీ ఈల ఊది అందుకున్నాడు. "తప్పుకోండి! నేను తుఫాను లాంటివాణ్ణి! సొరచేప లాంటివాణ్ణి! పిడుగు లాంటివాణ్ణి!" జనం ఒకటే కేకలు. ఎదురుగా పెదనాన్న వేషంలో అక్క, టోపీ ముఖం మీదికి దించుకుని నిలబడింది. వేరుశనక్కాయలమ్మే ఆయన నా పక్కనే, "అయిపోయిందిరా మీ ఇంటి పని" అన్నాడు. అప్పుడు అక్క టోపీ కాస్త ఎత్తి, మెల్లిగా, ముద్దు చేస్తున్నట్టు అడిగింది. "తుఫాను లాంటివాడివా నాయనా? అంటే తుఫానువి కాదన్నమాట. సొరచేపవీ కాదు, పిడుగువీ కాదు. మరి ఆ అసలువాళ్ళేరీ? పిలువు, వాళ్ళతో మాట్లాడతా. తుఫాను నా పెంపుడు కుక్క, గంజి పోసి కట్టేసి వచ్చా. సముద్రం నేను కాళ్ళు కడుక్కుని పారబోసిన నీళ్ళు. నన్ను దేనితో పోలుస్తార్రా? పోల్చడానికి నేను ఏదైనా మిగిలిస్తేగా!" ఆడగొంతు! జనం గుర్తుపట్టారు. "క్లియోఫాస్ కూతురు! క్లియోఫాస్ కూతురు!" అని మార్కెట్ దద్దరిల్లిపోయింది. బార్తలెమీ నోరు తెరిచినప్పుడల్లా ఏదో ఒక పోలికే వచ్చేది, మళ్ళీ మింగేసేవాడు. ఆఖరికి టోపీ తీశాడు. సిస్టర్లకి తెలిసిందా అంటావా? తెలియకేం! పైవారం నుంచి పెద్ద తరగతికి అలంకారాలు ఆవిడ చేతే చెప్పించారు.

గెలిచినవాళ్ళు ఈల ఊదాలి, అది పద్ధతి. అక్క ఊదలేదు. మెడలోంచి తీసి పెదనాన్న పెదవుల మధ్య పెట్టింది. ఊదాడు. గాలంతా ఆ పడిపోయిన వైపు నుంచి పోయింది, చప్పుడు లేదు. అక్క వంగి, వేళ్ళతో ఆ వైపు పెదవి మూసి పట్టుకుంది. "ఊదు నాన్నా" అంది. అప్పుడు మోగింది. బార్తలెమీ టోపీ చేత్తో పట్టుకుని వీధి మలుపు తిరిగేదాకా మోగుతూనే ఉంది, మా పెదనాన్న ఈల...

ఊఁ... గేటు దగ్గర హారన్ కాదూ? రొట్టెల బండేమో చూడు. వేడిగా ఉంటే రెండు ఎక్కువ తీసుకో.