సిలువ పాదానికి చేరని నీళ్ళు

రేపు జకూ కొండ ఎక్కుతావా, దల్వా? ఎక్కు, తల్లీ. బూట్లు మంచివే తెచ్చుకున్నావులే. ఈ తాత కాలంలో వట్టి పాదాలే. కొండంతా ఒకే గ్రానైటు రాయి గదా, పొద్దెక్కేకొద్దీ పెనంలా కాలుతుంది, పట్టుకోవడానికి గడ్డిపోచైనా ఉండదు. ఏమంటున్నాను... ఆఁ, నీళ్ళు. నీళ్ళు దండిగా పట్టుకెళ్ళు. నీళ్ళంటే నాకు యుఫ్రాసియా గుర్తుకొస్తుంది. నువ్వెరగవు, మీ అమ్మ పుట్టకముందే కన్నుమూసింది. మనిషి పొడగరి, మాట కరుకు, నడక మాత్రం రాజసం; నెత్తిన నిండుకుండ పెడితే తాను కదులుతున్నట్టు ఆ నీటికైనా తెలిసేది కాదు.

వానలు మొగం చాటేసిన యేడు ఊరు ఊరంతా ఆ కొండెక్కేది. మొక్కుగా అందరి నెత్తినా తలా ఒక రాయి, ఒక్కరి నెత్తిన మాత్రం ఏటి నీళ్ళ కుండ. శిఖరాన ఉన్న సిలువ పాదాన్ని ఆ నీళ్ళతో కడిగితే వాన దిగుతుందని మా నమ్మిక. సిలువ తడిసేదాకా ఎవరూ గుక్కెడు తాగకూడదు, వేరే నీళ్ళు వెంట తేకూడదు. కుండ మోసే గౌరవం ఎప్పుడూ యుఫ్రాసియాదే. మొగుడు పోయాక ఊళ్ళో ఆమెకు మిగిలిన పెద్దరికం అదొక్కటే. మా అమ్మ జుల్మీరాకు ఆమెతో మాటల్లేవు. ఎందుకంటావా, పంది. యుఫ్రాసియా పంది మా పెండలం మడిలో పడి దున్నేసింది. "నీ పందికి నీకున్నపాటి బుద్ధైనా లేదు" అంది అమ్మ. "ఉండబట్టే మడితో సరిపెట్టుకుంది, నీ వంట జోలికి రాలేదు" అంది ఆమె. అంతే, ఆనాటినుంచి ఇద్దరూ చర్చిలో చెరో పక్క.

ఆ యేడు మొక్కజొన్న మోకాలెత్తునే మాడిపోయింది. అమ్మ కడుపుతో ఉంది, నన్నే మోస్తోంది. రావద్దంటే వినలేదు, చిన్న రాయైనా ఎత్తుకుంటానని బయల్దేరింది. శిఖరం కంటికి కనబడుతూ కాలికందని చోటొకటి ఉంటుంది, రేపు చూస్తావుగా, సరిగ్గా అక్కడ కూలబడింది. పెదాలు తెల్లబడ్డాయి, కళ్ళు తేలవేసింది. జనం నిలబడిపోయారు. ప్రార్థన చెప్పించే ముసలాయన అనస్తాసియో "నీడకు చేర్చండి" అన్నాడు. ఆ రాతిమీద నీడెక్కడిది? ముందు నడుస్తున్న యుఫ్రాసియా వెనక్కి వచ్చింది. కుండ దించింది. "అది ఊరి వాన, యుఫ్రాసియా" అన్నాడాయన. "తెలుసు" అంది. అమ్మ తల ఒళ్ళో పెట్టుకుని గుక్కగుక్కగా పట్టించింది. అమ్మ మొగం తిప్పుకోబోతే, "ముందు మింగు. తిట్టేది తరవాత తిడుదువుగాని" అంది. మిగిలినవి మెడమీద, కడుపుమీద వంచింది. చుక్క మిగల్లేదు.

నేను బతికాను. వాన మాత్రం రాలేదు. ఆ మాట దాచి చెబితే ఆమెకు అన్యాయం చేసినట్టే. పశువులు పడిపోయాయి, సగం ఊరు పట్నం దారి పట్టింది. ఎదుటపడి ఆమెను ఎవరూ ఒక్క మాటనలేదు. మరుసటి సారి కుండ వేరొకరి నెత్తిన పెట్టారు, అంతే. ఆమె అందరికీ వెనక, రాయి మోసుకుంటూ నడిచేది. అమ్మా? అమ్మ మాట్లాడలేదు. "ఆమెతో మాట్లాడితే ఆ వానను నేనే తాగానని ఒప్పుకున్నట్టు కాదూ" అని నాన్నతో అనేదట. ఎదురింట్లోనే ఉండి, చూడు, అన్నేళ్ళు.

నాకు మీసాలొచ్చిన నాటికి మళ్ళీ కరువు. చర్చి వసారాలో, కుండ ఈసారి ఎవరికి అన్న మాట వచ్చింది. అమ్మ లేచింది. "యుఫ్రాసియాకు" అంది. ఎవరో గొణిగారు. "ఆమె మోయకపోతే మా ఇంటినుంచి ఎవరూ కొండెక్కరు. ఆమె పారబోసిన వాన ఏదని గదా మీ బాధ? ఇదిగో, ఇక్కడ నిలబడి ఉంది" అని నన్ను భుజం పట్టి ముందుకు నెట్టింది. కుండ తెచ్చి యుఫ్రాసియా ముందు పెట్టారు. ఆమె దాని అంచును వేళ్ళతో తడిమింది. "నా మోకాళ్ళు పోయాయి, జుల్మీరా" అంది మెల్లగా. "ఇన్నేళ్ళకా నువ్వీ మాట చెప్పేది?"

అమ్మ ఏమందా... "కుండ వీడు మోస్తాడు, నువ్వు వీడి భుజం పట్టుకుని ముందు నడువు" అంది.

ఆ కాఫీ చల్లారినట్టుంది. ఇలా ఇయ్యి, వేడి చేయిస్తాను.